మందిరంలోనే దొరికిన గ్రంథం: మహాకవి జాషువను మళ్లీ తెరిచి చదువుదాం



యోషీయా రాజు కాలంలో యెరూషలేము మందిరాన్ని బాగుచేయించిన సంగతి మనకందరికీ తెలుసు. వడ్రంగులు, తాపీ పనివారు పనిలో ఉండగా ప్రధాన యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. దొరికిన చోటు పరాయి దేశం కాదు, శత్రువుల కోట కాదు. దేవుని మందిరంలోనే దొరికింది. రోజూ బలులు అర్పిస్తున్న చోట, రోజూ మనుషులు తిరుగుతున్న చోట ఆ గ్రంథం మరుగున పడి ఉంది. శాస్త్రియైన షాఫాను దాన్ని రాజు ఎదుట చదివాడు. రాజు విని తన బట్టలు చింపుకున్నాడు. ఒక పుస్తకం కనబడకుండా పోవడానికి దొంగలు రానక్కర లేదని, చదివేవారు కరువైతే చాలని ఈ వృత్తాంతం మనకు నేర్పుతుంది.

ఈ వారం మేము పల్నాటి బిడ్డ ఒకరి జీవితాన్ని మీ ముందుంచుతున్నాము. ఆయన మహాకవి గుర్రం జాషువ గారు. ఆయన పేరు వినని తెలుగువారు తక్కువ. హైదరాబాదు ట్యాంక్ బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఆయన పద్యాలున్నాయి. అయినా ఆయన పుస్తకం ఒకటి మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు చదివిన విశ్వాసులు మన సంఘాల్లో ఎందరున్నారు? నకరికల్లు నుండి నరసరావుపేట వెళ్లి బస్సు మారితే ఆయన పుట్టిన వినుకొండ వచ్చేస్తుంది. అంత దగ్గరివాడైన కవిని ఇప్పుడు దూరదేశాల వారు ఇంగ్లీషులో చదువుతున్నారు. 2022లో ఆయన గబ్బిలం కావ్యం ఇంగ్లీషు అనువాదంగా ఢిల్లీలోని యోదా ప్రెస్ ద్వారా వెలువడింది. అనువదించినది చిన్నయ్య జంగం గారు. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించే తెలుగు ఆచార్యులు. పల్నాడు పేరుతో మనకొక జిల్లా ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. జిల్లా పేరు బోర్డుల మీదికి ఎక్కిన ఏడాదే జిల్లా కవి ప్రపంచ పాఠకుల చేతికి వెళ్లారు. ఈ సందర్భంలో ఆయన ఎవరో, మన సంఘాలకు ఆయన ఏమవుతారో తెలుసుకోవడం మనకు మేలు.

వినుకొండ బాలుడు

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తండ్రి యాదవ కులం నుండి, తల్లి మాదిగ కులం నుండి వచ్చినవారు. ఇద్దరూ క్రైస్తవులు. ఆ రోజుల్లో అలాంటి పెళ్లి చేసుకున్నవారికి ఊళ్లో ఏ వైపూ పూర్తిగా చోటుండేది కాదు. వారికి పుట్టిన బిడ్డకు యెహోషువ పేరు పెట్టుకున్నారు. వాగ్దాన దేశంలోకి జనాన్ని నడిపించినవాని పేరు అది.

ఆ కాలాన్ని కొంచెం గుర్తుచేసుకుందాం. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు 1849లో పల్నాటిలోని గురజాలకు వచ్చి పనిచేశారు. ఆ తరువాత 1876 నుండి 1878 వరకు పెద్ద కరువు వచ్చింది. కరువు వెనుక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో క్లౌ దొరగారి ఆధ్వర్యంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందులో ఎక్కువమంది మాదిగలు. జాషువ గారు పుట్టింది ఆ తరువాత పదిహేడేళ్లకు. అంటే అక్షరం ముఖం చూడని ఇళ్లలోకి పలక, బలపం, బైబిలు కలిసి వచ్చిన తరం అది. చదువుకోవచ్చు అన్న మాట మాలమాదిగ పల్లెల్లో మొదటిసారి వినబడిన తరం అది.

బాల్యంలో కొంతకాలం పల్లెలోనే గడిచింది. పదేళ్ల వయసులో వినుకొండ బడిలో చేరాక అంటరానితనం అంటే ఏమిటో ఆయనకు తెలిసివచ్చింది. తోటిపిల్లల మాటల్లో, పెద్దల చూపుల్లో ఆయన కులం ఆయనకంటే ముందు నడిచేది. అయితే బొమ్మలు గీయడం, పాటలు పాడడం చిన్నప్పటి నుండే వచ్చు. పద్యం మీద ఆశ కూడా అప్పుడే పుట్టింది. తరువాతి కాలంలో పేరుపొందిన కవి దీపాల పిచ్చయ్యశాస్త్రి గారి స్నేహం ఆ ఆశకు ఊపిరి పోసింది.

ఆ రోజుల్లో ఊళ్లలో అవధాన సభలు జరిగేవి. వినుకొండలో అలాంటి సభ జరిగినప్పుడు యువకుడైన జాషువ గారు పండితులను గౌరవిస్తూ తాను రాసిన పద్యాలు చదివారు. పద్యాలు బాగున్నాయా లేదా అన్న విచారణ జరగలేదు. అంటరానివాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారు అన్న గొడవ జరిగింది. వినయంతో ఇచ్చిన కానుకకు అవమానం బదులుగా వచ్చింది. ఆ గాయం ఆయన కవిత్వంలో చివరి వరకు మాట్లాడుతూనే ఉంది.

కాళిదాసును చదివినందుకు

ఇక్కడ మన సంఘాలు నిదానంగా ఆలోచించవలసిన సంగతి ఒకటుంది.

జాషువ గారికి సంస్కృతం నేర్చుకోవాలని కోరిక కలిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఒక బ్రాహ్మణ పండితుడు మాదిగ తల్లి బిడ్డకు కాళిదాసును పాఠం చెప్పడం ఆనాడు చిన్న విషయం కాదు. చెప్పినవారికీ ధైర్యం కావాలి, నేర్చినవారికీ ధైర్యం కావాలి.

అయితే ఈసారి అభ్యంతరం వేరే వైపు నుండి వచ్చింది. క్రైస్తవుడై ఉండి హిందూ గ్రంథాలు చదవడమేమిటని సంఘ పెద్దలు ఆగ్రహించారు. ఆయన కుటుంబాన్ని సంఘం నుండి వెలివేశారు. హిందూ సమాజం ఆయనను పుట్టుక కోసం దూరం పెట్టింది. క్రైస్తవ సంఘం ఆయనను చదువు కోసం దూరం పెట్టింది. రెండు తలుపులూ మూసుకున్న చోట ఆ యువకుడు నిలబడ్డాడు.

ఆ పెద్దల భయం ఎక్కడి నుండి వచ్చిందో మేము గ్రహించగలము. వారు కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన జనం. తమను వందల సంవత్సరాలు వాకిలి బయట నిలబెట్టిన కథల వైపు తమ పిల్లలు మళ్లీ తిరుగుతారేమో అన్న దిగులు వారికుంది. కానీ వాక్యం ఏమి చూపుతున్నదో కూడా చూడాలి. మోషే ఐగుప్తీయుల సకల విద్యలు అభ్యసించాడు. దానియేలు, అతని స్నేహితులు కల్దీయుల భాషను, విద్యను నేర్చుకున్నారు. పౌలు ఏథెన్సులో నిలబడినప్పుడు గ్రీకు కవుల మాటలు ఆయన నోట ఉన్నాయి. వారిలో ఎవరి విశ్వాసాన్నీ ఆ చదువు దొంగిలించలేదు. పైగా చదివిన చదువే వారు సాక్ష్యం చెప్పే భాషగా మారింది. జాషువ గారి విషయంలోనూ అదే జరిగింది. వెలివేతకు కారణమైన ఆ మేఘసందేశమే తరువాత గబ్బిలానికి దారి చూపింది.

తెర పక్కన గొంతు

జాషువ గారికి 1910లో వివాహమైంది. అప్పటికి వయసు పదిహేను. కుటుంబం గడవడానికి మిషను బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు మూడు రూపాయలు. ఆ ఉద్యోగమూ నిలవలేదు. పొట్ట చేతపట్టుకుని రాజమండ్రి వెళ్లారు.

1915, 1916 సంవత్సరాల్లో అక్కడ ఆయన చేసిన పని ఈనాటి పిల్లలకు వింతగా ఉంటుంది. అప్పటి సినిమాలకు మాట లేదు. తెర మీద బొమ్మలు కదులుతూ ఉంటే, పక్కన ఒక మనిషి నిలబడి కథను, పాత్రల సంభాషణలను ప్రేక్షకులకు చదివి వినిపించాలి. జాషువ గారు ఆ గొంతు అయ్యారు. ఎక్కడో తీసిన మూగబొమ్మకు తెలుగు మాట ఇచ్చి సామాన్యుడికి అర్థమయ్యేలా చేసేవారు. అనువాదం అనే మాట వాడకుండానే ఆయన చేసిన అనువాదం అది.

తరువాత గుంటూరులో లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు. ఒక సంఘం వెలివేసిన వ్యక్తికి మరొక సంఘపు పాఠశాల అన్నం పెట్టిందన్న మాట. సంఘ చరిత్ర అంతా ఒకే రంగులో ఉండదని దీనివల్ల తెలుస్తుంది. ఉభయ భాషా ప్రవీణ పట్టా పొందారు. 1928 నుండి 1942 వరకు గుంటూరులో తెలుగు పండితుడిగా ఉన్నారు. 1957 నుండి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమాల నిర్మాతగా పనిచేశారు. ఈ ఉద్యోగాల నడుమ, అప్పుల నడుమ, అద్దె ఇళ్ల నడుమ ఆయన రాస్తూనే వచ్చారు.

అద్దె ఇల్లు అన్నది ఇక్కడ మామూలు మాట కాదు. ఎంత పేరొచ్చినా, కులం తెలిసిన మరుక్షణం మనుషుల ముఖాలు మారిపోయేవి. సభలో పూలమాల వేసిన చేతులు భోజనాల దగ్గర వెనక్కి తగ్గేవి. నా కథ అని పేరు పెట్టి తన జీవితాన్ని ఆయన పద్యాల్లోనే రాసుకున్నారు. ఆ పుస్తకం చదివితే ఒక కవి ఎదుగుదల ఎంత కనబడుతుందో, ఆనాటి గుంటూరు సీమ సమాజం అంత కనబడుతుంది. చరిత్ర పుస్తకాల్లో రాజులున్నారు, యుద్ధాలున్నాయి. అంటరాని పిల్లవాడు బడికి ఎలా వెళ్లాడో అందులో లేదు. అది ఈయన పద్యాల్లో ఉంది.

పారశీక కవి కూలి

1932లో ఆయన ఫిరదౌసి కావ్యం వెలువడింది. ఫిరదౌసి వెయ్యేళ్ల కిందటి పారశీక కవి. షానామా అనే మహాగ్రంథం రాసినవాడు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చాడని, కవి ఏళ్ల తరబడి శ్రమించి గ్రంథం పూర్తిచేశాక బంగారానికి బదులు వెండి పంపాడని కథ ప్రసిద్ధం. వంచన తెలుసుకున్న సుల్తాను చివరికి బంగారం పంపేసరికి కవి శవం ఊరి వాకిలి దాటుతోందని చెబుతారు.

వినుకొండ కవికి ఆ పారశీకుడి కథ ఎందుకు కావలసి వచ్చింది? ఎందుకంటే మాట ఇచ్చి కూలి ఎగ్గొట్టడం పల్నాటి వెట్టివాళ్లకు తెలియని సంగతి కాదు. కోతకూలి ఇవ్వని ఆసామికి యాకోబు తన పత్రికలో చేసిన హెచ్చరిక మనం చదివే ఉన్నాము. జాషువ గారు పరదేశపు పాత కథను తీసుకుని, దానిలో తన మనుషుల కష్టాన్ని వినిపించారు. భాషలు దాటి, మతాలు దాటి ఒక పాత గ్రంథం కొత్త ప్రాణం పోసుకోవడం అంటే ఇదే. ఒక ముస్లిం కవి దుఃఖం క్రైస్తవ గృహంలో పుట్టిన కవి చేతిలో తెలుగు పద్యమైంది. తెలుగు పాఠకులందరూ దాన్ని తమదిగా చేసుకున్నారు.

గబ్బిలం మోసుకెళ్లిన విన్నపం

1941లో గబ్బిలం మొదటి భాగం వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో ఒక యక్షుడు శాపం వల్ల భార్యకు దూరమై, ఆకాశంలో పోయే మేఘంతో ఆమెకు కబురు పంపుతాడు. జాషువ గారు ఆ నిర్మాణాన్ని తీసుకుని లోపలి మనిషిని మార్చేశారు. ఇక్కడ కబురు పంపేవాడు యక్షుడు కాదు. చెప్పులు కుట్టే కులంలో పుట్టిన పేదవాడు. అతనిది విరహం కాదు, ఆకలి. అతని కబురు ప్రియురాలికి కాదు, కాశీలో ఉన్న విశ్వనాథునికి.

మరి కబురు తీసుకెళ్లేది ఎవరు? హంస అతని గుడిసెకు రాదు. మేఘం అతని మాట వినదు. ఇంట్లోకి వస్తే అపశకునమని జనం తరిమే గబ్బిలమే అతనికి దొరికిన దూత. అందులో ఒక పదునైన ఆలోచన ఉంది. గుడిలోకి ఆ మనిషికి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉంది. అది గర్భగుడి చీకట్లో తలకిందులుగా వేలాడుతుంది. పూజారి లేని వేళ చూసి దేవుని చెవిలో ఆ పేదవాని సంగతి చెప్పగలదు. హీనంగా చూడబడే ప్రాణికి ఉన్న హక్కు, పొలం దున్ని పంట పండించే మనిషికి లేదు. కావ్యం అంతా ఈ ఒక్క వేదన మీద నడుస్తుంది. దారి చెబుతూ చెబుతూ ఆ పేదవాడు గబ్బిలానికి ఈ నేల చరిత్రనూ వినిపిస్తాడు. తనను మనిషిగా లెక్కించని దేశపు వైభవాన్ని అతడే ప్రేమతో చెబుతాడు. పూర్వజన్మ కర్మ అని చెప్పి నోరు మూయించే సిద్ధాంతాన్ని నిలదీస్తాడు.

క్రైస్తవ కవి రాసిన కావ్యంలో నాయకుడు శివునికి మొరపెట్టుకోవడమేమిటని కొందరు విశ్వాసులు అడుగుతారు. మా ఆలోచన ఇది. ఏ తలుపు మూసి ఉందో ఆ తలుపునే కవి తట్టాడు. బాధపడేవాని మొర దేవుడు వినాలన్న కోరిక హబక్కూకులో ఉంది, యోబులో ఉంది, కీర్తనల్లో ఉంది. అది తెలిసినవారికి ఈ కావ్యం పరాయిదిగా తోచదు. 1946లో దీని రెండవ భాగం కూడా వచ్చింది.

క్రీస్తు చరిత్ర

కాలం మారింది. ఏ పండిత లోకం ఆయనను సభలో నిలబడనివ్వలేదో, ఆ లోకంలోనే పెద్దవారైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు జాషువ గారి కాలికి గండపెండేరం తొడిగారు. ఒక పండిత బ్రాహ్మణుడు దళిత కవి పాదాన్ని తాకి చేసిన సన్మానం అది. కవికోకిల అని, నవయుగ కవిచక్రవర్తి అని బిరుదులు వచ్చాయి.

1958లో క్రీస్తు చరిత్ర వెలువడింది. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అదే ఏడాది ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి నియమితులయ్యారు. 1970లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు.

ప్రియులారా, క్రీస్తు చరిత్ర విషయం దగ్గర కాసేపు ఆగుదాం. పురాణాలు చదివినందుకు సంఘం ఎవరిని వెలివేసిందో, ఆయనే యేసుక్రీస్తు జీవితాన్ని తెలుగు పద్యకావ్యంగా రాశారు. దేశం దాన్ని ఆ ఏటి ఉత్తమ తెలుగు గ్రంథంగా గౌరవించింది. అంతకుముందు పురుషోత్తమ చౌదరి గారు వంటి భక్తులు తెలుగు రాగాల్లో ప్రభువును కీర్తించారు. ఆ కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో మళ్లీ మళ్లీ అచ్చవుతూ వచ్చాయి గనుక నేటికీ మన నోట ఉన్నాయి. క్రీస్తు చరిత్రకు అలాంటి ఆదరణ మన సంఘాల్లో దొరకలేదు. పురస్కారం పేరు చెప్పి గర్వపడతాము. పుస్తకం మాత్రం మన ఇళ్లలో అరుదు.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. జాషువ గారిని మన సంఘపు ఆస్తిగా రాసుకోవడం సత్యం కాదు. ఆయన కులానికీ మతానికీ మనిషిని కట్టివేయడాన్ని ఒప్పుకోలేదు. తనను విశ్వనరుడిగా చెప్పుకున్నారు. తరువాతి కాలంలో నాస్తికుల స్నేహంలో నడిచారు. ఆయన కుమార్తె హేమలత గారు నాస్తికోద్యమ నాయకులు గోరా గారి కుమారుడు లవణం గారిని 1960లో వివాహమాడారు. జోగినీ దురాచారం మీద, నేరస్తులుగా ముద్రపడిన కుటుంబాల మార్పు కోసం జీవితమంతా పనిచేశారు. తండ్రిని గురించి పుస్తకం రాశారు. జాషువ ఫౌండేషన్ ద్వారా ఆయన పేరు నిలిపారు. తండ్రి సాహిత్యాన్ని సంఘం కంటే కుమార్తె ఎక్కువగా కాపాడిందన్నది మనల్ని ఆలోచింపజేయాలి. వెలివేత ఒక మనిషిని ఎంత దూరం నెట్టగలదో, ఆ మనిషి అంత దూరం వెళ్లాక కూడా క్రీస్తు ఆయనను ఎలా వదలలేదో రెండూ ఈ జీవితంలో కనబడుతున్నాయి.

పాడారు గాని, ఎవరిదో తెలియదు

పల్నాటి ఊళ్లలో పద్యనాటకం తెలియనివారు లేరు. తిరునాళ్లలో సత్యహరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు కాటి సీను కోసం జనం తెల్లవార్లూ కూర్చునేవారు. ఆ సీనులో నటులు పాడే ప్రసిద్ధమైన శ్మశాన పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో మొదట ఉన్నవి కావు. అవి జాషువ గారి శ్మశానవాటి ఖండికలోనివి. నటులు వాటిని తెచ్చి నాటకంలో చేర్చుకున్నారు, జనం నెత్తిన పెట్టుకున్నారు. అక్షరం రాని రైతుకూలీ కూడా ఆ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టాడు. రాసినదెవరో చాలామందికి తెలియదు. అంటే ఆయన ఎప్పుడూ మన మధ్యనే ఉన్నారు. పేరు మాత్రం మరుగున పడింది. హిల్కీయాకు దొరికిన గ్రంథం సంగతి ఇలాంటిదే.

అనువాదం ఎవరి కోసం?

ఇంగ్లీషు అనువాదం విదేశీయుల కోసమేనని అనుకోవద్దు. నకరికల్లు పిల్లలు కూడా ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. తెలుగు పద్యం చూస్తే సంధి విడదీయలేక ఆగిపోతున్నారు. చదువు కోసం, ఉద్యోగం కోసం అమెరికా వెళ్లిన మన కుటుంబాల పిల్లలకు తెలుగు మాట వచ్చినా లిపి రాదు. వారికి ఇంగ్లీషు గబ్బిలం ఒక వంతెన. మొదట ఆ వంతెన మీదుగా నడిచి కథ తెలుసుకుంటారు. తరువాత తాత దగ్గరో అమ్మమ్మ దగ్గరో కూర్చుని తెలుగు పద్యం విని దాని లయ రుచి చూస్తారు. పద్యంలోని నడకను, యతిప్రాసలను ఏ అనువాదమూ పూర్తిగా మోయలేదు. కానీ ఆ పేదవాని మొరను మోయగలదు. గబ్బిలం చేసిన పనే అనువాదం చేస్తోంది. అతడు వెళ్లలేని చోటికి అతని మాటను తీసుకెళుతోంది.

అనువాదాన్ని తక్కువగా చూసే హక్కు మన సంఘాలకు అసలే లేదు. సువార్త మనకు అనువాదంగానే వచ్చింది. విశాఖపట్నంలో మిషనరీ డెస్ గ్రాంజెస్, ఆనందరాయరు గారితో కూడి తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పని జరగకపోతే మన తాతల చేతికి వాక్యం అందేది కాదు. అనువాదం వల్ల పుట్టిన సంఘం, ఇప్పుడు తన బిడ్డ మాట మరొక భాషలోకి వెళ్లినందుకు సంతోషించాలి.

సంఘాలు చేయగలిగినవి

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. జాషువ గారి రచనలన్నిటినీ ఒకచోట చేర్చిన సంకలనాలు వచ్చాయి. ఖండకావ్యాలు, గబ్బిలం, ఫిరదౌసి విడివిడిగా కూడా దొరుకుతున్నాయి. ప్రతి సంఘం మందిరంలో ఒక చిన్న అర ఏర్పాటు చేసి, బైబిలు నిఘంటువు పక్కన క్రీస్తు చరిత్రను, గబ్బిలాన్ని ఉంచవచ్చు. సెప్టెంబరు 28కి దగ్గరి ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూడికలో ఆయన జీవితాన్ని చెప్పించవచ్చు. శ్రమదినాల్లో క్రీస్తు చరిత్ర నుండి కొన్ని పద్యాలు రాగంతో చదివించవచ్చు. పద్యం పాడగల పెద్దవారు నకరికల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారు ఉండగానే పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టాలి. ఇంగ్లీషులో చదివే పిల్లలకు అనువాదాన్ని కొని ఇవ్వాలి.

చదవడం మొదలుపెడితే ఆయన మాట మనల్ని కూడా వదలదని ముందే చెబుతున్నాము. ఆయన కుల సమాజాన్ని నిలదీశారు. కులం సంఘం వాకిలి బయట ఆగిపోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరువేరుగా కూడుకునే ఊళ్లు ఉన్నాయి. ఒకే ప్రభువు బల్లలో పాలుపొందినవారు పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతున్నారు. కొన్నిచోట్ల సమాధుల తోటలు కూడా వేరువేరుగా ఉన్నాయి. శ్మశానంలో రాజూ పేదా ఒక్కటే అవుతారని జాషువ గారు రాసిన పద్యాలకు నాటకాల్లో మన జనం చప్పట్లు కొట్టారు. ఆ కవిని నిజంగా చదివిన సంఘం తన సమాధుల తోట గోడ వైపు ఒకసారి చూడకుండా ఉండలేదు.

యోషీయా గ్రంథం దొరికిందని సంబరం చేసి ఊరుకోలేదు. ప్రవక్త్రియైన హుల్దా దగ్గర విచారణ చేయించాడు, జనమందరికీ చదివి వినిపించాడు, దేశంలో మార్చవలసినవి మార్చాడు. దొరికిన పుస్తకానికి చేయవలసిన నిజమైన గౌరవం అది. వినుకొండ కవి పుస్తకం మన చేతికి మళ్లీ వచ్చింది. చదివే కృప, విన్నదాన్ని బట్టి మారే కృప దేవుడు మన సంఘాలకు దయచేయునుగాక. ఆమేన్.